మలంలో పీచు కొలవడానికి, తిండికి వాడే పద్ధతే వాడొచ్చా?

సిక్కోలు_బయోకెమ్:

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం దగ్గర ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను. నా ప్రాజెక్టు ఏమిటంటే, పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగే అలవాటున్న ఇళ్లవాళ్లనీ, మూడు పూటలా పాలిష్ బియ్యం అన్నమే తినేవాళ్లనీ తీసుకుని, తిన్న పీచులో పేగులో ఎంత అరిగిపోతోంది, ఎంత అలాగే బయటికి వచ్చేస్తోంది అని పోల్చి చూడటం. ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చింది, ఆమదాలవలస వైపు ఊళ్లలో కొంతమంది శాంపిల్స్ ఇస్తామని మాట కూడా ఇచ్చారు. మలం ఇవ్వమని అడగడమే పెద్ద పని అనుకున్నాను కానీ అసలు కష్టం ల్యాబ్‌లో వచ్చిపడింది.

మా దగ్గర తిండి పదార్థాల్లో మొత్తం పీచు కొలవడానికి ఏఓఏసీ (పరీక్షా పద్ధతులకు ప్రమాణాలు పెట్టే సంస్థ) 985.29 పద్ధతి ఎప్పటినుంచో చేస్తున్నారు, అంటే స్టార్చ్‌నీ ప్రోటీన్‌నీ విరగ్గొట్టే ఎంజైములు, వేడికి తట్టుకునే ఆల్ఫా అమైలేజ్, ప్రోటియేజ్, అమైలోగ్లూకోసైడేజ్ వరసగా వేసి, నాలుగింతల ఆల్కహాల్ పోసి, అడుగున దిగినదాన్ని వడగట్టి తూచడం. అదే మలానికీ పెడదామని ఒక శాంపిల్ పెట్టి చూస్తే, ప్రోటీన్, బూడిద తీసేశాక కూడా ఎండు బరువులో మూడో వంతు దాకా పీచే అని వచ్చింది. ఆ లెక్కన ఆ మనిషి తిన్న పీచులో దాదాపు ఏమీ అరగలేదని తేలుతోంది, ఆయన తినేదేమో అన్నం, బీరకాయ, వంకాయ, చింతపండు పులుసు. ఇది నమ్మేలా లేదు. పైగా వడకట్టే క్రూసిబుల్ (అడుగున సన్న రంధ్రాలున్న గిన్నె) మూసుకుపోయి వడకట్టడానికి ఒక పూటంతా పట్టింది.

పద్ధతి మార్చాలా, ఇదే పద్ధతిలో ఏమైనా సర్దుబాటు ఉందా? మా దగ్గర జీసీ (గ్యాస్ క్రొమటోగ్రాఫ్, కలిసి ఉన్న పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం) లేదు, ఫ్రీజ్ డ్రైయర్ లేదు. స్పెక్ట్రోఫోటోమీటర్, మఫిల్ ఫర్నేస్, నైట్రోజన్ కొలిచే కెల్డాల్ సెట్, సెంట్రిఫ్యూజ్ ఉన్నాయి. గైడ్‌గారు "నువ్వే తేల్చుకురా" అన్నారు, కొంచెం టెన్షన్‌గానే ఉంది.

ఫీడ్_ల్యాబ్_విజీనారం:

మా దాణా ల్యాబ్‌లో క్రూడ్ ఫైబర్ చేస్తాం, 1.25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ఉడకబెట్టడం, తర్వాత 1.25 శాతం కాస్టిక్ సోడాలో ఉడకబెట్టడం, ఆరబెట్టి తూచి కాల్చి మళ్లీ తూచడం. బాక్టీరియా, ప్రోటీన్ అన్నీ ఆ ఉడుకులో పోతాయి, వడకట్టడం కూడా తేలిక. దానితో చేసేయొచ్చు కదా?

గరివిడి_పశుపోషణ:

ఫీడ్ ల్యాబ్ గారూ, క్రూడ్ ఫైబర్ వద్దండీ. జర్మనీలో వీండే అనే చోట హెన్నెబర్గ్, స్టోమాన్ 1860లలో పెట్టిన పద్ధతి అది. బాక్టీరియా పోయే మాట నిజమే, కానీ వాటితోపాటు మొక్క గోడలో సెల్యులోజ్‌ను అల్లుకుని ఉండే హెమిసెల్యులోజ్‌లో చాలా భాగం క్షారంలో కరిగిపోతుంది, గోడను చెక్కలా గట్టిపరిచే లిగ్నిన్ కూడా కొంత పోతుంది. ఎంత పోతుందన్నది ఒక్కో పదార్థానికి ఒక్కోలా ఉంటుంది, కాబట్టి తవుడుకు ఒక తప్పు, చోళ్లకు ఇంకో తప్పు, మలానికి మరో తప్పు. పోల్చడమే పనిగా పెట్టుకున్న ప్రాజెక్టుకు అది పనికిరాదు.

ఇక బయోకెమ్ గారి ప్రశ్నకు. మీ శాంపిల్ తప్పు కాదు, చేసిన విధానమూ తప్పు కాదు. ఆ పద్ధతిని తిండి కోసం తయారుచేశారు, తిండిలో లేనిది మలంలో ఒకటి ఉంది, అదే సూక్ష్మజీవులు. బ్రిటన్‌లో స్టీఫెన్, కమ్మింగ్స్ 1980లో మనుషుల మలాన్ని డిటర్జెంట్‌తో కడిగి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, భాగాలుగా విడదీసి తూచారు. అక్కడి మామూలు తిండి తినేవాళ్లలో ఎండు బరువులో దాదాపు 55 శాతం బాక్టీరియాయే, మొక్కల పీచు 17 శాతం దగ్గర మాత్రమే. మీరు వేసే మూడు ఎంజైములు ఈ బాక్టీరియా గోడల్ని పూర్తిగా కరిగించలేవు. ఆ మీద ఆల్కహాల్ పోస్తే బాక్టీరియా పాలిశాకరైడ్లు, న్యూక్లియిక్ యాసిడ్లు కూడా పీచుతో కలిసి అడుగున దిగుతాయి. కలుపుతో సహా పంటను తూకం వేసినట్టు అవుతుంది. నైట్రోజన్‌ను 6.25తో గుణించి, అంత ప్రోటీన్ అనుకుని తీసేసినా లాభం లేదు, ఎందుకంటే న్యూక్లియిక్ యాసిడ్లలో, గోడల్లో ఉన్న నైట్రోజన్‌కు ఆ 6.25 సరిపోదు, గోడలో నైట్రోజన్ లేని భాగం ఎలాగూ మిగిలిపోతుంది.

పశువుల పేడతో రోజూ పని చేసేవాళ్లం కాబట్టి మేము వాన్ సోస్ట్ డిటర్జెంట్ పద్ధతికి అలవాటుపడ్డాం. ఆయన 1960లలో గడ్డి, పేడల కోసమే దీన్ని తయారుచేశాడు. న్యూట్రల్ డిటర్జెంట్‌లో సోడియం లారిల్ సల్ఫేట్, ఈడీటీఏ, బోరాక్స్, ఫాస్ఫేట్ ఉంటాయి, పీహెచ్ 7 దగ్గర, ఒక గంట రిఫ్లక్స్. అందులో బాక్టీరియా, పేగు నుంచి రాలిన కణాలు, ప్రోటీన్, కొవ్వు చాలావరకు కరిగిపోతాయి, మొక్క గోడ మిగులుతుంది. అదే ఎన్‌డీఎఫ్ (న్యూట్రల్ డిటర్జెంట్ ఫైబర్). తర్వాత అదే క్రూసిబుల్‌ను యాసిడ్ డిటర్జెంట్‌లో, అంటే లీటరు 1 నార్మల్ సల్ఫ్యూరిక్ యాసిడ్‌కు 20 గ్రాముల సీటాబ్ అనే డిటర్జెంట్ వేసిన ద్రవంలో, ఇంకో గంట ఉడికిస్తే హెమిసెల్యులోజ్ పోయి ఏడీఎఫ్ (యాసిడ్ డిటర్జెంట్ ఫైబర్) మిగులుతుంది. దాన్ని 72 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో 3 గంటలు ఉంచితే సెల్యులోజ్ కరిగి లిగ్నిన్ మిగులుతుంది, చివర కాల్చి బూడిద తీసేయాలి. ఈ మూడూ ఒకే శాంపిల్ మీద వరసగా చేయండి. విడివిడి శాంపిల్స్ మీద చేసి తీసివేతలు వేస్తే, యాసిడ్ డిటర్జెంట్‌లో కరగని పెక్టిన్ (పండ్లలో, కాయల్లో ఉండే జిగురు పీచు) ఏడీఎఫ్‌లో చేరిపోయి హెమిసెల్యులోజ్ తక్కువ చూపిస్తుంది.

ఇంకొకటి, వరిగడ్డి తినే పశువుల పేడ చేస్తే ఇది బాగా తెలుస్తుంది: గడ్డిలోని సిలికా కొంత న్యూట్రల్ డిటర్జెంట్‌లో కరుగుతుంది, యాసిడ్ డిటర్జెంట్‌లో మాత్రం అలాగే ఉండిపోతుంది. బూడిద తీసేయకుండా ఎన్‌డీఎఫ్ నుంచి ఏడీఎఫ్ తీసేస్తే లెక్క తారుమారు. మనుషుల మలంలో అంత సిలికా ఉండదు కానీ బూడిద సవరణ మాత్రం మానొద్దు.

నార_పీచు_పాత_మాస్టారు:

గరివిడి వాళ్లు చెప్పింది బాగుంది, ఒక్క చోట మాత్రం నేను అడ్డం వస్తాను. ఎన్‌డీఎఫ్ మొక్క గోడలో కరగని భాగాన్నే చూపిస్తుంది. పెక్టిన్, గమ్ములు, బెండకాయ జిగురు, ఇసబ్గోల్ లాంటివి ఆ డిటర్జెంట్‌లో కరిగి బయటికి పోతాయి. పశువుకు అది పెద్ద నష్టం కాదు. మనిషి విషయంలో, అదీ మన వైపు తిండిలో, పులుసుల్లో చింతపండు గుజ్జు, ములక్కాడ, గోంగూర, కాలాన్ని బట్టి పనస, ఇవన్నీ ఉన్నప్పుడు కరిగే పీచును వదిలేస్తే తిన్న వైపు లెక్క తక్కువ పడుతుంది.

అయితే ఇక్కడ మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది బాబూ. ఆ కరిగే పీచు పెద్ద పేగులో దాదాపు అంతా బాక్టీరియాకు ఆహారమైపోతుంది. పెక్టిన్ తినిపించి చూసిన పరిశోధనల్లో మలంలో అది దాదాపు కనిపించలేదు. అదంతా అసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే పొట్టి ఫ్యాటీ యాసిడ్లుగా మారి శరీరానికి అందుతుంది, కొంత గ్యాస్ అవుతుంది. గోధుమ తవుడు లాంటి గట్టి పీచు మాత్రం చాలావరకు అలాగే బయటికి వస్తుంది. అందుకే మలంలో పీచు తక్కువ ఉందంటే ఆ మనిషి పీచు తక్కువ తిన్నాడనో, అతని పేగు బాగోలేదనో రాసేయకండి. తిన్నదానితో కలిపి చూస్తేనే ఆ అంకెకు అర్థం. 25 గ్రాములు తిని 8 గ్రాములు బయటికి వస్తే అరుగుదల 68 శాతం, అంతే లెక్క, కానీ ఆ 25 కూ ఆ 8 కీ ఒకే పద్ధతి వాడి ఉండాలి. తిన్న వైపు పుస్తకంలోంచి ఏఓఏసీ అంకె తెచ్చుకుని, మలం వైపు ఎన్‌డీఎఫ్ పెడితే ఆ భాగాహారానికి అర్థమే లేదు. హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ల 2017 ఆహార పట్టికల్లో చోళ్లకు 100 గ్రాములకు 11 గ్రాముల పైన మొత్తం పీచు, పాలిష్ బియ్యానికి 3 గ్రాముల లోపే ఉంటుంది. మీ రెండు గుంపుల మధ్య తేడా ఎంత ఉండొచ్చో ముందే ఊహించుకోవడానికి ఆ అంకెలు వాడుకోండి. తుది లెక్కకు మాత్రం వాళ్లు తిన్న అంబలీ, అన్నమూ, కూరా మీ ల్యాబ్‌లో మీరే చేయాలి.

అసలు బంగారం లాంటి పద్ధతి చక్కెరలు విడదీసి చూడటం. ఇంగ్లిస్ట్ పద్ధతి గానీ ఉప్సాలా పద్ధతి గానీ తీసుకోండి, రెండింటిలోనూ స్టార్చ్‌ను ఎంజైములతో తీసేసి, మిగిలినదాన్ని 12 మోలార్ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో, తర్వాత పలచని యాసిడ్‌లో వేడిచేసి విడి చక్కెరలుగా విరగ్గొడతారు. ఆ చక్కెరలను సోడియం బోరోహైడ్రైడ్‌తో, తర్వాత అసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో ఆల్డిటాల్ అసిటేట్లుగా మార్చి జీసీలో చూస్తారు. అరబినోస్, జైలోస్, మానోస్, గెలాక్టోస్, గ్లూకోస్ ఒక్కోటీ విడిగా కనిపిస్తాయి. మలానికి ఇది ఎందుకు ముఖ్యమంటే, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చక్కెరే చెబుతుంది. జైలోస్, అరబినోస్ దాదాపు మొక్కలవే. రైబోస్ కనిపిస్తే అది బాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ. ఫ్యూకోస్ చాలావరకు పేగు జిగట నుంచి వస్తుంది. గ్లూకోస్ మాత్రం నమ్మకూడనిది, సెల్యులోజ్‌లో ఉంటుంది, అరగని స్టార్చ్‌లో ఉంటుంది, బాక్టీరియాలోనూ ఉంటుంది. అందుకే 12 మోలార్ మెట్టు పెట్టి ఒకసారి, ఆ మెట్టు లేకుండా పలచని యాసిడ్‌తోనే ఒకసారి చేసి, తేడాను సెల్యులోజ్ గ్లూకోస్‌గా తీసుకుంటారు. బాక్టీరియా వాటా విడిగా కావాలంటే మ్యురామిక్ యాసిడ్ గానీ డైఅమైనోపిమెలిక్ యాసిడ్ గానీ చూడాలి, అవి బాక్టీరియా గోడలో ఉండేవి, మొక్క గోడలో ఉండవు.

సిక్కోలు_బయోకెమ్:

మాస్టారూ, గరివిడి వారూ, ఇద్దరికీ చాలా థాంక్స్. నా అంకె ఎందుకు అంత పెద్దగా వచ్చిందో ఇప్పుడు అర్థమైంది. జీసీ మాత్రం మా వల్ల కాదు, విశాఖలో బయట చేయిద్దామంటే ఇన్ని శాంపిల్స్‌కు ఖర్చు భరించలేను. జీసీ లేకుండా హెమిసెల్యులోజ్, పెక్టిన్ విడిగా చూసే దారి ఏదైనా ఉందా? ఎన్‌డీఎఫ్‌కు క్రూసిబుల్ మూసుకుపోకుండా ఏం చేయాలి? ఫ్రీజ్ డ్రైయర్ లేనప్పుడు ఓవెన్ ఎంత వేడిలో పెట్టాలి? ఇంకోటి, చోళ్లు తినేవాళ్ల శాంపిల్‌లో లిగ్నిన్ ఎక్కువ వస్తే దాన్ని నమ్మొచ్చా?

నార_పీచు_పాత_మాస్టారు:

ఉంది బాబూ, స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంది కదా, దానితో చాలావరకు సాగుతుంది.

పెక్టిన్ కోసం దానిలో ముఖ్య భాగమైన యూరోనిక్ యాసిడ్ కొలవండి. ఎండిన శాంపిల్‌ను ముందు 80 శాతం ఆల్కహాల్‌తో కడిగి విడి చక్కెరలు తీసేసి, సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కరిగించి, టెట్రాబోరేట్ కలిపిన గాఢ సల్ఫ్యూరిక్‌లో వేడిచేసి, చల్లారాక మెటా హైడ్రాక్సీ డైఫినైల్ అనే రంగు కారకం వేసి 520 నానోమీటర్ల దగ్గర చదవాలి. 1973లో బ్లూమెన్‌క్రాంట్జ్, ఆస్బో హాన్సెన్ ఇచ్చిన పద్ధతి. స్టాండర్డ్‌కు గెలాక్టురోనిక్ యాసిడ్. మలానికి తప్పనిసరి జాగ్రత్త ఒకటి: రంగు కారకం వేయని బ్లాంక్ ప్రతి శాంపిల్‌కూ పెట్టాలి, లేకపోతే మామూలు చక్కెరల నుంచి వచ్చే గోధుమ రంగు కూడా లెక్కలోకి వస్తుంది. ఇది ఎన్‌డీఎఫ్ మిగులు మీద కాదు, అసలు శాంపిల్ మీద చేయాలి, పెక్టిన్ న్యూట్రల్ డిటర్జెంట్‌లోనే పోతుంది కదా.

హెమిసెల్యులోజ్‌కు మాత్రం తిరగేసి చేయండి, ఎన్‌డీఎఫ్ మిగులు మీద ఫ్లోరోగ్లూసినాల్ అనే రంగు కారకంతో పెంటోజులు (జైలోస్, అరబినోస్ లాంటి అయిదు కార్బన్ల చక్కెరలు) కొలవండి. 552, 510 నానోమీటర్లు రెండు చోట్లా చదివి తేడా తీసుకుంటే హెక్సోజుల (గ్లూకోస్ లాంటి ఆరు కార్బన్ల చక్కెరల) అడ్డు చాలావరకు తగ్గుతుంది. అసలు మలం మీద నేరుగా చేస్తే బాక్టీరియా ఆర్‌ఎన్‌ఏలోని రైబోస్ కూడా పెంటోజే కాబట్టి అదీ కలిసిపోవచ్చు. డిటర్జెంట్‌లో కడిగాక ఆ బెడద ఉండదు. చోళ్లలో హెమిసెల్యులోజ్ అరబినోజైలాన్ రకం, మీ ప్రశ్నకు అదే కీలకం. జైలోస్ అంకెను 0.88తో గుణిస్తే పాలిశాకరైడ్ బరువు వస్తుంది, హెక్సోజు అయితే 0.90.

లిగ్నిన్ సంగతి మంచి ప్రశ్న వేశారు. ఎర్ర చోళ్ల పొట్టులో టానిన్లు ఉంటాయి. అవి ప్రోటీన్‌ను పట్టుకుని గట్టిపడి, 72 శాతం యాసిడ్‌లో కూడా కరగకుండా లిగ్నిన్ పేరుతో తూకంలోకి వస్తాయి. ఆ చివరి మిగులులో కెల్డాల్ నైట్రోజన్ చూడండి, నైట్రోజన్ గట్టిగా కనిపిస్తే అందులో ఉన్నదంతా లిగ్నిన్ కాదు. థీసిస్‌లో ఆ నైట్రోజన్ అంకెను పక్కనే ఇవ్వండి, "లిగ్నిన్" అని ఒక్క మాటలో రాసి వదిలేయొద్దు.

గరివిడి_పశుపోషణ:

ఆరబెట్టడం గురించి నేను చెబుతాను, దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 60 డిగ్రీలు దాటొద్దు. 105లో పెట్టి ఒక్క రాత్రిలో ఆరబెట్టేస్తే ప్రోటీన్, చక్కెరలు కలిసి గోధుమ రంగు పదార్థం ఏర్పడుతుంది, అది ఏ డిటర్జెంట్‌లోనూ కరగదు, నేరుగా మీ ఏడీఎఫ్‌లో, లిగ్నిన్‌లో కూర్చుంటుంది. శాంపిల్‌లో లేని లిగ్నిన్‌ను ఓవెనే తయారుచేస్తుంది. 105 అన్నది తేమ శాతం కోసం పక్కన తీసిన చిన్న ముక్కకూ, చివర మిగులు తూచడానికీ మాత్రమే. శాంపిల్ రాగానే తూచి, సరిపడా నీళ్లు కలిపి బ్లెండర్‌లో ఏకం చేసి, పలచని పొరగా పరిచి ఆరబెట్టండి. అదే రోజు కుదరకపోతే మైనస్ 20లో పెట్టండి. బయట వదిలేస్తే బాక్టీరియా పీచును తింటూనే ఉంటాయి.

ఎండాక 1 మిల్లీమీటరు జల్లెడ పట్టేలా పొడి చేయండి. మరీ మెత్తగా చేస్తే క్రూసిబుల్ మూసుకుపోతుంది, రేణువులు జారిపోతాయి కూడా. ఎవరైనా తేగలు తిని ఉంటే ఆ నారలు మిల్లులో విడిగా మిగిలిపోతాయి, వాటిని పారేయకుండా మళ్లీ మిల్లులో వేసి కలపాలి. వడకట్టేటప్పుడు శాంపిల్ అర గ్రాముకు మించొద్దు, ముందే అసిటోన్ గానీ పెట్రోలియం ఈథర్ గానీ పెట్టి కొవ్వు తీసేయండి. క్యాల్షియంతో కలిసి సబ్బుగా మారిన కొవ్వు పెట్రోలియం ఈథర్‌కు రాదు, దాన్ని డిటర్జెంట్‌లోని ఈడీటీఏ వదిలిస్తుంది. అమైలేజ్ రెండుసార్లు వేయండి, ఒకటి ఉడికేటప్పుడు, ఒకటి వడకట్టేటప్పుడు. నీళ్లు మరుగుతున్నవే పోయాలి, చల్లారితే డిటర్జెంట్ జిగటగా మారి రంధ్రాలు మూస్తుంది. సోడియం సల్ఫైట్ వేస్తే ప్రోటీన్ బాగా పోతుంది కానీ లిగ్నిన్‌ను కూడా కొంత తింటుంది, మీరు అదే క్రూసిబుల్‌లో లిగ్నిన్ దాకా వెళ్తున్నారు కాబట్టి వేయకండి. శాంపిల్‌ను సన్న రంధ్రాల సంచీలో వేసి ఉడికించే పద్ధతి ఎవరైనా చెబితే మనుషుల మలానికి ఒప్పుకోవద్దు, సన్న రేణువులు సంచీలోంచి జారిపోయే భయం ఉంది.

72 శాతం యాసిడ్ చేసేటప్పుడు ఫ్యూమ్ హుడ్, కళ్లద్దాలు, ఐసు తొట్టి, నీళ్లలోకి యాసిడ్ కొంచెం కొంచెంగా. ఎప్పుడూ యాసిడ్‌లోకి నీళ్లు కాదు.

పాలకొండ_నర్సు:

నాకు కెమిస్ట్రీ అంతగా రాదు గానీ శాంపిల్స్ సేకరించే పని తెలుసు, అందుకే రాస్తున్నాను. ఒక్క పూట మలం తీసుకుని "రోజుకు ఇంత" అని లెక్క కట్టొద్దమ్మా. ఒక మనిషికి ఒక రోజు రెండుసార్లు అవుతుంది, ఒక రోజు అసలే కాదు. తిండి కొన్ని రోజులు ఒకేలా ఉంచి, తర్వాత అయిదు నుంచి ఏడు రోజులు అంతా సేకరించాలి. మొదటి రోజూ చివరి రోజూ రంగు మార్కర్, కార్మైన్ లాంటిది, డాక్టరు చూసుకుని ఇస్తే, ఆ రంగు కనిపించిన దగ్గర నుంచి మళ్లీ కనిపించే దాకా ఉన్నది మీ లెక్క. మూత గట్టిగా ఉన్న డబ్బాలు మీరే ఇవ్వండి, ఐసు పెట్టెతో మీరే వెళ్లి తెచ్చుకోండి. ఆడవాళ్లతో మాట్లాడటానికి ఆశ కార్యకర్తనో, ఆ ఊరి ఆడమనిషినో వెంట తీసుకెళ్లండి, సిగ్గుపడి సగం పోసి సగం పారేస్తారు, అది మీ అంకెల్లో ఎక్కడా కనిపించదు. గ్లవ్స్ వేసుకోకుండా బ్లెండర్ దగ్గరికి వెళ్లొద్దు, హెపటైటిస్ ఏ, టైఫాయిడ్ లాంటివి దీని ద్వారానే వస్తాయి.

సిక్కోలు_బయోకెమ్:

అక్కా, మీ మాట చాలా విలువైనది, మా ప్రోటోకాల్‌లో ఒకే రోజు శాంపిల్ అని ఉంది, ఎథిక్స్ కమిటీకి సవరణ పెడతాను. ఇక ఆఖరి సందేహం. అంబలి పులియబెడతారు కదా, అది ఎండబెట్టి ఎన్‌డీఎఫ్ చేస్తే పిండికీ అంబలికీ తేడా వస్తుందా, పిండి అంకెనే వాడేయొచ్చా?

నార_పీచు_పాత_మాస్టారు:

పిండి అంకె వాడొద్దు. జల్లించిన పిండా, జల్లించనిదా అన్నదానితోనే పొట్టు సగం మారిపోతుంది, కొన్ని ఇళ్లలో అంబలిలో నూక అన్నం కూడా కలుపుతారు. ఉడికించి చల్లార్చిన దాంట్లో కొంత స్టార్చ్ అమైలేజ్‌కు లొంగకుండా మిగిలి ఎన్‌డీఎఫ్ బరువులో చేరే అవకాశం కూడా ఉంది. కాబట్టి ప్రతి ఇంట్లో తాగే గ్లాసుతోనే, తాగే సమయానికే కొంత అంబలి పక్కకు తీసి తూచి, మలాన్ని ఆరబెట్టినట్టే 60 డిగ్రీలలో ఆరబెట్టి, అదే రోజు బ్యాచ్‌లో మలంతోపాటు పెట్టండి. ప్రతి బ్యాచ్‌లో రెండేసి క్రూసిబుల్స్, ఒక ఖాళీ బ్లాంక్, తెలిసిన గోధుమ తవుడు ఒకటి. తవుడు అంకె బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ ఊగుతుంటే ఆ రోజు మలం అంకెలు రాసుకోకండి, మళ్లీ చేయండి.